నడుమును నిలబెట్టే కండరాలు

పొట్ట తగ్గాలన్నా, నడుము గట్టిపడాలన్నా మనలో చాలామందికి ముందుగా గుర్తొచ్చేవి సిటప్స్. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, చేతులు తల వెనక పెట్టి, పాదాలు మంచం పట్టె కిందో ఎవరి చేతుల కిందో ఇరికించి లేచి కూర్చోవడం, ఎన్ని తీశామో లెక్కపెట్టుకోవడం. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్‌తో కనిపించాడు. ఇవాళ ఆ మాట వినని తెలుగు కుర్రాడు ఉండడు. ఈ సిటప్స్ అలవాటు వెనక ఒక నమ్మకం ఉంది: పొట్ట కండరాలున్నది ఒంటిని వంచడానికి, కాబట్టి ఎన్నిసార్లు వంచితే అంత బలం. ఈ నమ్మకం సగమే నిజం. మొండేన్ని వంచడం పొట్ట కండరాలకు చేతనైన పనే. కానీ పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా అవి ఎక్కువగా చేసేది వేరే పని. చేతులూ కాళ్లూ కదులుతుంటే, బరువులు అటూ ఇటూ లాగుతుంటే, వెన్నెముక ఒరిగిపోకుండా పట్టి ఉంచడం. ఏ వ్యాయామమైనా ఈ పట్టును ఎంత పెంచుతుందో చూసి ఎంచుకోవాలి తప్ప ఎన్ని తీశామన్న లెక్క చూసి కాదన్నది ఈ అధ్యాయంలో నా వాదన.

ముందు ఈ కండరాలు ఎక్కడ ఉన్నాయో తెలియాలి. అద్దంలో గళ్లుగళ్లుగా కనిపించేది రెక్టస్ అబ్డామినిస్ ఒక్కటే. ఛాతీ కింది భాగంలో మొదలై పొత్తికడుపు అడుగున ఉన్న ఎముక దాకా నిలువుగా దిగే జంట పట్టీ అది. దాన్ని అడ్డంగా కోసే స్నాయువు గీతల వల్ల గళ్లు ఏర్పడతాయి. ఆ గీతలు ఎన్ని, ఎంత సమంగా ఉంటాయన్నది పుట్టుకతో వచ్చేది. ఏ వ్యాయామమూ దాన్ని మార్చలేదు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా సాగే ఆబ్లిక్ కండరాలు రెండు పొరలుగా ఉంటాయి. పై పొర పోగులు ఒక దిక్కుకు పోతే లోపలి పొర పోగులు దానికి అడ్డంగా పోతాయి. అన్నిటికన్నా లోపల నడుము చుట్టూ అడ్డంగా ఉండేది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. వెనకవైపు వెన్నుపూసలను దగ్గరదగ్గరగా కలిపి పట్టుకునే చిన్న మల్టిఫిడస్ కండరాలు, వాటి పైన వెన్ను పొడవునా సాగే పెద్ద కండరాలు ఉన్నాయి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య క్వాడ్రేటస్ లంబోరమ్ ఉంటుంది. పైకప్పు డయాఫ్రమ్, అడుగు పెల్విక్ ఫ్లోర్. కోర్ అంటే ఇవన్నీ కలిసి. లోపలి పొర పని చేతికి తగలాలంటే ఒక తేలికైన మార్గం ఉంది. వెల్లకిలా పడుకుని, తుంటి ఎముక ముందు పొడుచుకొచ్చిన మొనను వేలితో తడమండి. అక్కడి నుంచి రెండు వేళ్ల వెడల్పు బొడ్డు వైపు జరిపి, మెల్లగా లోపలికి నొక్కి, చిన్నగా ఒకసారి దగ్గండి. వేళ్ల కింద చటుక్కున ఒక బిగువు వస్తుంది. ఒళ్లు ఎక్కడా వంగలేదు, అయినా పొట్ట గోడ మొత్తం పనిచేసింది.

వంచడం కన్నా పట్టుకోవడమే ముఖ్యమనడానికి ఆధారం ఏమిటి? కండరాలు లేని వెన్నెముక ఎంత బరువు మోయగలదని యేల్ విశ్వవిద్యాలయంలో మనోహర్ పంజాబీ, క్రిస్కో తదితరులు పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. ఎముకలు, డిస్కులు, లిగమెంట్లు మాత్రమే మిగిల్చిన నడుము భాగం మీద పైనుంచి బరువు మోపితే, సుమారు 90 న్యూటన్ల దగ్గర, అంటే తొమ్మిది కిలోలకే, అది నిలవలేక ఒరిగిపోయింది. నిలుచున్న మనిషిలో తల, చేతులు, ఛాతీ కలిపి నడుము మోసే బరువు దీనికి కొన్ని రెట్లు. మిగిలిన ఆసరా అంతా కండరాలదే. డాబా మీద పాత టీవీ యాంటెన్నా గొట్టాన్ని నాలుగు వైపులా తీగలు లాగి కట్టినట్టు, ముందూ వెనకా పక్కలా ఉన్న కండరాలు ఒకే సమయంలో తలా కొంచెం బిగువు పట్టడం వల్లే మనం నిలుచోగలుగుతున్నాం. ఎంత బిగువు? 1997లో అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో పరిశోధన దీనికి జవాబిచ్చింది. మామూలుగా నిలుచున్నప్పుడు ఆ కండరాలు తమ గరిష్ఠ శక్తిలో రెండు శాతం వాడితే చాలు. ముప్ఫై కిలోల బరువు ఒంటి మీద ఉన్నా మూడు శాతం. ఈ అంకెలు చూస్తే నడుముకు రోజువారీ కావలసిందేమిటో తెలుస్తుంది: కొంచెం బిగువు, చాలాసేపు, సరైన సమయానికి. గబగబా యాభై సిటప్స్ తీయగల సత్తా మంచిదే కావచ్చు, కానీ ఈ పనికి సంబంధించిన సత్తా అది కాదు.

సరైన సమయం అన్న మాట ఊరికే వాడలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ 1996లో ప్రచురించిన పరిశోధన ఈ రంగాన్ని మలుపు తిప్పింది. నిలుచున్న మనిషిని చేయి వేగంగా ఎత్తమన్నారు. భుజం కండరం కదలకముందే లోపలి ట్రాన్స్‌వర్సస్ బిగుసుకుంది. చేయి ఎత్తితే ఒళ్లు ఊగుతుందని మెదడుకు ముందే తెలుసు, అందుకే నడుమును ముందు సిద్ధం చేస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లలో ఈ బిగువు ఆలస్యంగా వచ్చింది. ఇక్కడి నుంచే బొడ్డును లోపలికి పీల్చి ఆ ఒక్క కండరానికే శిక్షణ ఇవ్వాలన్న పద్ధతి ప్రపంచమంతా పాకింది. దాని సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు సిటప్‌ను విడదీసి చూద్దాం. తల, భుజాలు నేల నుంచి లేచే మొదటి భాగంలో పొట్ట కండరాలు కుదించుకుంటాయి. రెక్కల ఎముకలు నేల వదిలాక పరిస్థితి మారుతుంది. నడుము లేవడం మొదలైన దగ్గర నుంచి మనిషిని లాగి కూర్చోబెట్టేది ప్రధానంగా సోయాస్, దాని పక్క కండరాలు. సోయాస్ నడుము వెన్నుపూసల నుంచి బయలుదేరి తొడ ఎముక లోపలివైపు అతుక్కుంటుంది. అది బిగుసుకున్నప్పుడల్లా ఒంటిని లేపడంతో పాటు వెన్నుపూసలను ఒకదాని మీద ఒకటి నొక్కుతుంది. పాదాలు పట్టి ఉంచితే దాని పని ఇంకా పెరుగుతుంది. మోకాళ్లు మడిస్తే సోయాస్ పక్కకు తప్పుకుంటుందని జిమ్ముల్లో చెబుతారు. కండరంలోకి సన్నని తీగలు పంపి కొలిచినప్పుడు ఆ మాట నిలవలేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ మెక్‌గిల్ వేసిన లెక్కల ప్రకారం ఒక్క సిటప్‌లో నడుము డిస్కుల మీద 3,000 న్యూటన్లకు పైగా ఒత్తిడి పడుతుంది, అంటే మూడు వందల కిలోలు మోపినంత. బరువులెత్తే కార్మికుల క్షేమం కోసం అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ గీసిన హద్దు 3,400 న్యూటన్లు. అంత భారం మోపి మనం సంపాదిస్తున్నదేమో కదలిక మొదటి మూడో వంతులోనే దొరికిపోయింది. అమెరికా సైన్యాలు ఈ దిశగానే నడిచాయి. 2021లో నౌకాదళం తన శారీరక పరీక్షలో సిటప్స్ లాంటి కర్లప్స్ తీసేసి ప్లాంక్ (మోచేతుల మీద, కాలివేళ్ల మీద ఆనుకుని ఒంటిని నిటారుగా పట్టి ఉంచడం) పెట్టింది. 2022లో పదాతిదళం, 2023లో మెరీన్ దళం కూడా పొట్ట పరీక్షకు ప్లాంక్‌నే ఖాయం చేశాయి.

కాళ్లు ఎత్తే వ్యాయామంలో ఈ విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. యోగాలో ఉత్తానపాదాసనం, జిమ్‌లో లెగ్ రైజ్. పొట్ట కండరాలు ఏవీ కాళ్లకు అతుక్కుని లేవు, కాబట్టి కాళ్లను అవి ఎత్తలేవు. ఎత్తేది సోయాసూ తొడ ముందు కండరమూ. అవి లాగుతుంటే తుంటి ముందుకు తిరిగి నడుము విల్లులా లేవబోతుంది. దాన్ని లేవకుండా ఆపడమే అక్కడ పొట్ట కండరాల పని. ఒక అరచేతిని నడుము కింద పెట్టుకుని చేసి చూడండి. కాళ్లు పైనున్నప్పుడు చేయి నేలకూ నడుముకూ మధ్య ఒత్తుకుని ఉంటుంది. కాళ్లు దించుతున్న కొద్దీ ఒక చోట ఆ ఒత్తిడి సడలి, చేయి ఖాళీగా లాగేసుకోవచ్చనిపిస్తుంది. పొట్ట పట్టు వదిలేసిన చోటు అది. అక్కడి నుంచి కిందికి దించే ప్రతి అంగుళమూ నడుము మీద పడే భారమే. పొట్టకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. చాలామందికి ఈ వ్యాయామం తర్వాత తొడల పైభాగం మండి, నడుము పట్టేస్తుంది, పొట్టలో ఏమీ తెలియదు. కారణం ఇదే. మోకాళ్లు మడిచి, ఒక్కో కాలే దించితే, అదే వ్యాయామం అసలైన పొట్ట వ్యాయామం అవుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. వెన్నెముక వంగడానికే అన్ని ముక్కలుగా ఉంది కదా, వంగితే చెడిపోతుందనడం అతి కాదా? వంగడం వల్ల డిస్కు దెబ్బతింటుందన్న భయానికి పెద్ద ఆధారం పంది వెన్నుపూసల మీద చేసిన పరీక్షలు. కళేబరం నుంచి తీసిన వెన్నుపూసలను యంత్రంలో వేలాదిసార్లు ముందుకు వంచితే డిస్కు వెనక గోడ పొరలుపొరలుగా చీలి లోపలి పదార్థం వెనక్కి జరిగింది. 2011లో కాంట్రెరాస్, షోన్‌ఫెల్డ్ అనే ఇద్దరు శిక్షకులు ఈ వాదాన్ని ఎదుర్కొంటూ ఒక వ్యాసం రాశారు. చచ్చిన కణజాలం మానదు, బతికున్నది మానుతుంది. యంత్రం విరామం లేకుండా వంచినన్నిసార్లు ఏ మనిషీ క్రంచెస్ (తలా భుజాలూ మాత్రమే లేపే సగం సిటప్స్) తీయడు. మితమైన కదలిక డిస్కుకు పోషణ అందడానికి సాయపడవచ్చు. ఈ మాటల్లో న్యాయముంది, నేను ఒప్పుకుంటాను. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడు వారానికి రెండు రోజులు కొన్ని క్రంచెస్ తీస్తే నడుము విరిగిపోదు. కుస్తీ పట్టేవాళ్లకూ జిమ్నాస్టిక్స్ చేసేవాళ్లకూ బరువు మీద వంగే బలం కావాలి కూడా. కానీ ఈ పుస్తకం చదువుతున్నవాళ్లలో ఎక్కువమంది రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందో, బండి మీదో, గల్లా పెట్టె దగ్గరో నడుము వంచి కూర్చునేవాళ్లు. వాళ్ల డిస్కులు ఇప్పటికే రోజంతా ఒకే వైపు వంగి ఉంటున్నాయి. వ్యాయామానికని దొరికిన పావుగంటలో మళ్లీ అదే వంపు వందసార్లు ఎందుకు? సిటప్ పాపం కాదు. ఉన్న కాస్త సమయాన్ని పెట్టదగిన పని అది కాదంటున్నాను, అంతే.

రెండో అభ్యంతరం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. కోర్ స్థిరత్వం గురించి చెప్పేదంతా ఒక ఫ్యాషన్ అని 2010లో ఎయల్ లెడర్‌మన్ ఒక వ్యాసంలో విమర్శించాడు. నొప్పి ఉన్నవాళ్లలో ట్రాన్స్‌వర్సస్ ఆలస్యంగా బిగుసుకుంటే, ఆ ఆలస్యం వల్ల నొప్పి వచ్చిందో, నొప్పి వల్ల ఆలస్యం వచ్చిందో ఎలా చెప్తారు? ఈ ప్రశ్న సరైనదే. హాడ్జెస్ బృందమే 2003లో ఆరోగ్యవంతుల నడుములోకి ఉప్పు ద్రావణం ఎక్కించి తాత్కాలికంగా నొప్పి పుట్టించి చూస్తే, వాళ్లలోనూ కండరాల సమయం మారిపోయింది. 2016లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష, దీర్ఘకాలిక నడుం నొప్పికి లోపలి కండరాల ప్రత్యేక శిక్షణ ఇతర వ్యాయామాల కన్నా చెప్పుకోదగ్గ మేలు చేయదని తేల్చింది. అందువల్ల రెండు సంగతులు వదిలేయాలి. బొడ్డు లోపలికి పీల్చి ఒక్క కండరాన్నే వేరుచేసి పనిచేయించాలన్న పట్టుదల ఒకటి. పొట్ట బలపడితే నడుం నొప్పి దానంతటదే పోతుందన్న హామీ రెండోది. ఇవి పోయినా నా వాదన చెక్కుచెదరదు. కండరాలు లేని వెన్నెముక తొమ్మిది కిలోలకే ఒరిగిపోతుందన్నది అలాగే ఉంది. ఆసరా అన్ని వైపుల నుంచీ రావాలన్నది అలాగే ఉంది. ఇంకా చెప్పాలంటే, ఆ విమర్శ ఈ రెండో మాటను బలపరుస్తోంది: ఏ ఒక్క కండరమూ ఒంటరిగా నడుమును కాపాడదు.

పొట్ట కొవ్వు సంగతి తొందరగా తేల్చేస్తాను, ఎందుకంటే ఇందులో వాదానికి చోటు తక్కువ. 2011లో అమెరికాలో చేసిన ఒక పరిశోధనలో కొందరితో ఆరు వారాల పాటు పొట్ట వ్యాయామాలు మాత్రమే చేయించారు. పొట్ట కండరాల ఓపిక పెరిగింది, పొట్ట మీద కొవ్వు తగ్గలేదు. కొవ్వు ఏ చోటు నుంచి కరగాలో పక్కనున్న కండరం నిర్ణయించదు. ఇది మనకు చిన్న విషయం కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 39.5 శాతం మందికి పొట్ట దగ్గర కొవ్వు హద్దు మీరి ఉంది. మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఆ లెక్కలోకి వస్తారు. ఆ కొవ్వుకు మందు పళ్లెంలో అన్నం కొలతలో, రోజూ నడిచే దూరంలో ఉంది. దాన్ని సిటప్స్‌తో కరిగిద్దామని నడుము పాడుచేసుకునే వాళ్లను చూస్తే బాధేస్తుంది.

మరి ఏం చేయాలి? ముందు బిగువు నేర్చుకోవాలి. ఎవరో వేలితో పొట్టలో పొడవబోతున్నారనుకోండి. పొట్టను లోపలికి లాక్కోకుండా, ఉబ్బించకుండా, చుట్టూ ఒకేలా కొంచెం గట్టి చేస్తారు. ఆ బిగువులో ఉండి ఒకటి నుంచి ఇరవై దాకా పైకి లెక్కపెట్టండి. గొంతు తడబడితే మీరు ఊపిరి బిగబట్టారని అర్థం. డయాఫ్రమ్ ఊపిరికీ నడుముకూ రెంటికీ పనిచేయాలి. యాభై కిలోల బస్తా ఎత్తే హమాలీ ఒక్క క్షణం దమ్ము బిగబట్టడం సహజం, అవసరం కూడా. తేలికపాటి వ్యాయామానికీ రోజంతా చేసే పనులకూ అలా బిగబట్టక్కర్లేదు, బీపీ ఉన్నవాళ్లు అసలు బిగబట్టకూడదు. ఈ బిగువు వచ్చాక మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలు చాలామందికి సరిపోతాయి. మొదటిది చిన్న కర్లప్: వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండు అరచేతులూ నడుము కింద పెట్టి, తలనూ భుజాలనూ నేల నుంచి కాస్తే ఎత్తి పట్టడం. మెడ వంగకూడదు, నడుము కదలకూడదు. రెండోది సైడ్ ప్లాంక్: మోచేతి మీద, మోకాళ్ల మీద పక్కకు ఆనుకుని తుంటిని ఎత్తి పట్టడం, అలవాటయ్యాక మోకాళ్ల బదులు పాదాల మీద. మూడోది బర్డ్ డాగ్: చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాచడం, తర్వాత మార్చడం. ఇందులో నడుము మీద ఒక పుస్తకం పెట్టుకుంటే అది పడకుండా ఉండాలి. పడిందంటే తుంటి తిరిగింది, అంటే పట్టు తప్పింది.

ప్రతి పట్టూ పది సెకన్లు. దించి, ఊపిరి తీసుకుని మళ్లీ. మొదట ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగుసార్లు, చివర రెండుసార్లు. ప్లాంక్‌ను తొమ్మిది గంటలకు పైగా పట్టినవాళ్ల ప్రపంచ రికార్డు ఉంది, కానీ మనకు కావలసింది అది కాదు. ఎక్కువసేపు పట్టాలన్న పంతంలో అలసిన కండరం పట్టు వదిలేస్తుంది, నడుము కిందికి జారుతుంది, భారం లిగమెంట్ల మీద పడుతుంది. గడియారంలో అంకె మాత్రం పెరుగుతూనే ఉంటుంది. తెల్లవారుజామునే పక్క మీంచి లేస్తూ నేల మీద వ్యాయామం మొదలుపెట్టే అలవాటున్నవాళ్లకు ఇంకో మాట. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, ఆ స్థితిలో వంగితే వాటి మీద ఒత్తిడి చాలా ఎక్కువ. పొద్దుటి పూట నడుము వంచడం తగ్గించుకున్న నడుం నొప్పి రోగులకు నొప్పి తగ్గిందని 1998లో స్నూక్ బృందం చూపింది. లేచాక గంటసేపు నడకో ఇంటిపనో అయ్యాక చేయండి. నౌకాసనం లాంటివి నడుం నొప్పి ఉన్నవాళ్లు మానుకోవడం మంచిది, అందులో సోయాస్ లాగుడు ఎక్కువ. బాలింతకు నడికట్టు కట్టే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. గుడ్డ ఆసరా ఇస్తుంది గానీ, సాగిపోయిన కండరానికి మళ్లీ పని నేర్పదు. తల ఎత్తినప్పుడు పొట్ట మధ్య గట్టులా ఉబ్బుతుంటే, తుమ్మితే మూత్రం చుక్కలు పడుతుంటే క్రంచెస్ జోలికి పోకుండా ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. కాలు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా అది వ్యాయామంతో సరిచేసుకునే వ్యవహారం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ మూడు వ్యాయామాలూ తేలికైపోయాక నిలుచుని చేసే పనిలోకి రావాలి, ఎందుకంటే నడుముకు అసలు పరీక్ష అక్కడే. అందుకు జిమ్ అక్కర్లేదు. సగం నిండిన నీళ్ల బకెట్ ఒక చేత్తో పట్టుకుని వరండాలో నడవండి. కుడిచేతిలో బరువు ఉంటే ఒళ్లు కుడికి ఒరగబోతుంది. ఒరగకుండా లాగి పట్టేవి ఎడమ పక్క ఆబ్లిక్ కండరాలు, ఎడమ క్వాడ్రేటస్ లంబోరమ్. ఎడమ అరచేతిని ఆ పక్క పక్కటెముకల కింద ఆనించి నడిస్తే, అడుగు పడినప్పుడల్లా అక్కడ బిగువు పెరగడం తెలుస్తుంది. భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, మాట్లాడుతూ నడవగలగాలి. భుజం వంగిపోతుంటే నీళ్లు కొంచెం పారబోయండి. కుడిచేత్తో ఎంత దూరం నడిచారో ఎడమచేత్తోనూ అంతే దూరం నడవండి.